మా బావ కట్టిన కీబోర్డు

కీబోర్డుని మధ్యకి రెండు ముక్కలు చేస్తానని మా బావ అన్న రోజు నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. చెయ్యి నొప్పితో నేను ఏడుస్తుంటే ఈయనకి ఆటలుగా ఉందా అనుకున్నాను. బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. కొత్తలో ఒకసారి ‘ఏమండీ’ అని పిలవబోతే ఇద్దరికీ నవ్వాగలేదు, అంతటితో మానేశాను.

అప్పట్లో శ్రీకాకుళంలో, కలెక్టరాఫీసుకి వెళ్ళే రోడ్డు మీద నాకొక డీటీపీ సెంటరు ఉండేది. ఒక గది, రెండు కంప్యూటర్లు, పొద్దస్తమానం కాయితాలు నమిలే ప్రింటరు ఒకటి. శుభలేఖలు, అర్జీలు, కరపత్రాలు, దినకార్యం కార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. తెలుగు టైపింగంటే ఆ చుట్టుపక్కల నా గదే చూపించేవారు. గొప్పలు పోతున్నాననుకోకండి. మనిషి ఎదురుగా కూర్చుని చెబుతుంటే కీబోర్డు వంక చూడకుండా కొట్టేసేదాన్ని. ఆయన చెప్పడం ఆపేసరికి నా వేళ్ళూ ఆగేవి. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని, టైపు నేర్చుకుని నా అంతట నేను నిలబెట్టుకున్న గది అది. ఇంట్లో అత్త మాట చెల్లుతుంది, బావ మాట చెల్లుతుంది. ఆ గదిలో మాత్రం ఫ్యాను వెయ్యాలన్నా నన్నే అడగాలి.

అలాంటిది, కుడిచెయ్యి మొరాయించడం మొదలెట్టింది. ముందు తిమ్మిర్లు. నిద్రలో మొద్దుబారిపోయి మెలకువొచ్చేది, విదిలిస్తే సర్దుకునేది. తర్వాత మణికట్టు నుంచి మోచేతి దాకా ఒకటే సలుపు. ఆ తర్వాత పగలూ వదల్లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కారం రాసినట్టు మండేవి. మన ఊళ్ళల్లో వైద్యులకేం కొదవ, తలా ఒకటి చెప్పారు. ఒకావిడ ఆవనూనె రాయమంది. ఒకాయన వేడినీళ్ళలో ముంచమన్నాడు. ఆయన పక్కనున్నాయన, వేడి కాదు ఐసు పెట్టాలన్నాడు. వాళ్ళిద్దరూ నా సెంటర్లోనే దెబ్బలాడుకున్నారు, నా అర్జీ పని అక్కడే ఆగిపోయింది.

మా అత్తయితే దిష్టని తేల్చేసింది. సముద్రం ఒడ్డున వేలంలో చేపలు కొని, ఆటోలో వేసుకొచ్చి శ్రీకాకుళం వీధుల్లో అమ్మే మనిషి మా అత్త. గొంతు పెద్దది. చెయ్యి అంతకన్నా పెద్దది, పెట్టడానికైనా కొట్టడానికైనా.

“టకటకా కొట్టేత్తన్నావని ఊరోళ్ళంతా సూసి సూసి ఏడిసినారే. ఉప్పూ మిరపకాయలూ తిప్పేత్తే అదే పోతాది,” అని నా కుడిచేతికి దిష్టి తీసింది. మనిషికి కాకుండా ఒక్క చేతికి దిష్టి తియ్యడం నేనెక్కడా చూడలేదు.

చివరికి బావే బలవంతాన విజయనగరం తీసుకెళ్ళి నరాల డాక్టరమ్మకి చూపించాడు. ఆవిడ నా మణికట్టు మీద వేలితో తట్టింది. వేళ్ళ చివర్ల దాకా జిల్లుమంది.

“ఇక్కడ సన్నటి సందులోంచి నరం వెళ్తుందమ్మా. ఆ సందులో వాపొచ్చి నరం నలిగిపోతోంది. పడుకునేటప్పుడు ఈ పట్టీ కట్టుకో. టైపింగు బాగా తగ్గించు. తగ్గకపోతే చిన్న ఆపరేషను చేసి సందు వెడల్పు చేస్తాం. ఒక్కటే చెప్తున్నాను, నాన్చకు. నరం పూర్తిగా చచ్చుబడితే ఆపరేషను చేసినా తిరిగి రాదు.”

“ఆపరేషనయ్యాక ఎన్నాళ్ళు టైపు చెయ్యకూడదండీ?”

“కొన్ని వారాలు తప్పదు.”

కొన్ని వారాలట! ముందు పెళ్ళి ముహూర్తాలున్నాయి. పక్క వీధిలో అప్పుడే ఏసీ పెట్టి కొత్త సెంటరు తెరిచారు. నేను షట్టరు దించి కూర్చుంటే జనం అటు అలవాటు పడిపోతారు, మళ్ళీ నా గుమ్మం ఎక్కమన్నా ఎక్కరు. ముహూర్తాలు దాటనీ అనుకున్నాను. పట్టీ మాత్రం కట్టుకునేదాన్ని. టైపింగు తగ్గించడం నా చేతిలో ఉందా? శుభలేఖ కావాలని వచ్చినవాళ్ళకి, మీ అమ్మాయి పెళ్ళి కాస్త వెనక్కి జరుపుకోండి అని చెప్పనా?

ఫోన్లలో నెట్ చవకైపోయిన రోజులవి. ఊరంతా ఫోన్లలో తలదూర్చి కూర్చుంటే మా బావ ఊరుకుంటాడా. విజయనగరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఆయన పని. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, పిల్లలకి సామాన్లు ఇచ్చి, వాళ్ళు పాడుచేసినవి బాగుచేసి, బీరువాలో పెట్టి తాళమేసి సాయంత్రానికి వచ్చేవాడు. సోల్డరింగులో మంచి చెయ్యి ఉన్నా, ఆయన్ని ఏదీ సొంతంగా తయారుచెయ్యమని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు బస్సు దిగి ఇంటికి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా ఫోను నా మొహం మీద పెట్టాడు.

“ఒసే, సూడే! ఈళ్ళంతా నీనాగే సేతులు నొప్పెట్టినోళ్ళేనే. కీబోర్డుని రెండు ముక్కలు సేసేసి, ఒక్కోటి ఒక్కో సేతికింద పెట్టుకున్నారు. బుజాలు దగ్గిరికి ముడుసుకోనక్కర్లేదు, మణికట్లు పక్కకి ఒంచక్కర్లేదు. ఇంటి కప్పునాగ వాలుగా కూడా పెట్టుకోవచ్చు.”

“అయితే కొని తేరాదా?”

“కొంటే నీ సెయ్యికి సరిపోద్దేటి? నీ ఏళ్ళ పొడుగు నీది. నాను సేత్తాను.”

“నువ్వా!” అన్నాను. ఆ ఒక్క మాటలో నేను పెట్టిన వెటకారానికి వేరే మనిషైతే మూడ్రోజులు అన్నం మానేసేవాడు. బావ నవ్వి, చార్టు కాయితం తెచ్చి వంటింటి నేల మీద పరిచాడు.

నా రెండు చేతులూ దాని మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీశాడు. వేలు చాపితే ఎక్కడికి వస్తుందో, వంచితే ఎక్కడికి వస్తుందో చుక్కలు పెట్టాడు. నాకు చక్కిలిగింతలు. “కదలకే, నీ తస్సాదియ్యా, నీకోసరమే కదే,” అని కసిరాడు. తర్వాత చపాతీల కోసం కలిపిన పిండి ముద్ద తీసుకుని, నా అరచెయ్యి అందులో నొక్కించి అచ్చు తీశాడు. అరచెయ్యి ఆనుకునే గుంట నా చేతికి అతికినట్టు ఉండాలట. అప్పుడే చేపల తట్టతో లోపలికొచ్చింది అత్త.

“ఓలమ్మా! పిండంతా నేలపాలు సేసినారేటి! ఏటిరా, దానికి బంగారం గాజులు సేయిత్తన్నావేటి?”

“కీబోర్డే అమ్మా.”

“ఉన్నదానికేటైనాదిరా?”

“దాన్ని రెండు ముక్కలు సేత్తన్నాను.”

అత్త నావైపు చూసి, “బుర్ర సెడిపోనాదే నీ మొగుడికి. దిష్టి ఈడికి తియ్యాల్సింది,” అంది. ఆ రాత్రి చపాతీలు లేవు, అన్నమే తిన్నాం.

ఆదివారాలు బావ నా సెంటర్లో వెనక స్టూలు వేసుకుని, నేను టైపు చేస్తుంటే నా వేళ్ళనే చూస్తూ కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు ‘ఎవరండీ ఆయన, ఇన్‌స్పెక్షనా’ అని గుసగుసగా అడిగేవారు. నా పద్ధతిలో గుణింతాలన్నీ ఇంచుమించు ఎడమచేతివి, హల్లులన్నీ కుడిచేతివి. కుడిచేతి వైపు ఎంటరూ, తప్పు చెరిపే మీటా అదనం. “రాత బరువంతా కుడిసెయ్యే మోత్తన్నాదే, పాపం,” అన్నాడు బావ. ఆ మీటలు తీసి బొటనవేళ్ళకి అప్పజెప్పాడు. ఏ వేలికి ఆ వేలి వరస, చిటికెనవేలి వరస కిందకి, మధ్యవేలి వరస పైకి. ముందు అట్టముక్క మీద మీటలు గీసి, నన్ను దాని మీద ఉత్తుత్తినే కొట్టమన్నాడు. సెంటరు ఖాళీగా ఉన్నప్పుడు నేను అట్టముక్క మీద శుభలేఖలు టైపు చేస్తుంటే, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు తలుపు దగ్గర ఆగి మరీ చూసి వెళ్ళేవారు.

ళ ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇద్దరం రెండ్రోజులు మాట్లాడుకోలేదు. మూడోరోజు నేను చెప్పిన చోటే పెట్టాడు.

లోపలి సామాను కొంత హైదరాబాదు నుంచి, కొంత బయటి దేశం నుంచి పార్సిళ్ళలో వచ్చింది. ఒక్కో మీట కిందా స్విచ్చు పెట్టి, ఒక్కో స్విచ్చుకీ వైర్లు అతికించి, రెండు ముక్కల్నీ సన్నటి తీగతో కలిపాడు. పైన పెట్టె దేనితో చేస్తావంటే చెక్కన్నాడు, ప్లాస్టిక్కన్నాడు, చివరికి మా అత్త పుట్టింటి ఊరు వెళ్ళి, సముద్రం ఒడ్డున ఫైబర్ తెప్పల చిల్లులకి మాట్లేసే చోట కూర్చుని చేసుకొచ్చాడు. అదే గుడ్డ, అదే జిగురు, తెప్పకి వెయ్యగా మిగిలిన అదే నీలం రంగు. ఇంట్లో పెడితే ఆ జిగురు కంపుకి తలనొప్పి. కానీ చెయ్యి దాని గుంటలో పెట్టి చూశాను. నా అరచేతిని ఎవరో కింద నుంచి అందుకున్నట్టే ఉంది. నేను పెట్టిన వెటకారానికి సిగ్గేసి, “బాగుంది బావా,” అన్నాను. ఆయన మొహం చూడాలి అప్పుడు!

ఇక మొదలెడదాం అనేసరికి అత్త అడ్డుపడింది.

“తెప్పని నీళ్ళలోకి ఊరికే తోసేత్తామేటిరా? పసుపు రాయద్దా, బొట్టెట్టద్దా? ఇదీ ఒడ్డున కట్టినదే కదా. నా కోడలి సెయ్యి బాగవ్వాల, నాను సేత్తాను పూజ.”

కంప్యూటరుకి దసరాకి బొట్లు పెట్టడం మాకు అలవాటే, అందుకని బావ సరే అన్నాడు. పీట వేసి, దాని మీద రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, వాళ్ళమ్మకి చూపించాలని సెంటర్లోంచి తెచ్చిన కంప్యూటరుకి తగిలించాడు కూడా. రెండిట్లోనూ చిన్న ఎర్రలైట్లు వెలిగాయి. అత్త స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని వచ్చి, అంచులకి పసుపు రాసి, కుంకం పెట్టింది. కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంది. కొబ్బరికాయ కొట్టింది. కొట్టి, కొత్త తెప్ప ముక్కు మీద పోసినట్టే, చెక్కలో నీళ్ళన్నీ ఆ రెండు ముక్కల మీదా ధారగా పోసేసింది.

“అమ్మా!” అని బావ అరిచాడు. అప్పటికే కుడి ముక్కలో లైటు ఒక్కసారి గట్టిగా మెరిసి ఆరిపోయింది.

“ఏటైనాదిరా? దీపం కొండెక్కిపోనాదేటి?” అంది అత్త, చెక్క చేతిలో పట్టుకునే.

ఎవరం ఏమనగలం? ఆవిడ చేసింది నా చెయ్యి బాగుపడాలనే. బావ తీగలు లాగేసి, చొక్కా విప్పి దాంతోనే తుడిచాడు. ఫోన్లు తడిస్తే పెట్టినట్టు బియ్యం బస్తాలో పెట్టాడు. తియ్యటి నీళ్ళు కదా, ఆరినా జిగటగా లోపల పట్టేసి, అతుకులన్నీ పచ్చగా చిలుం పట్టాయి. ఎడమది బతికింది. కుడిదాంట్లో వైర్లన్నీ కలిసే అసలు బోర్డే మాడిపోయింది. సంగతి తెలిశాక అత్త రెండ్రోజులు చేపలకి వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. “పోనీలే అత్తా, ఇంకోటి వస్తుంది,” అని నేనే అన్నం కలిపి పెట్టాను, ఆ నొప్పి చేత్తోనే.

ఇంకోటి రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ బోర్డు మన దగ్గర దొరకదు. బయటి నుంచి తెప్పిస్తే ఒకసారి పార్సిలు దారిలోనే మాయమైంది. మరోసారి వచ్చింది కానీ అది వేరేది. పెళ్ళిళ్ళు అయిపోయాయి, వానలొచ్చాయి, నాగావళిలో నీళ్ళొచ్చాయి, బోర్డు రాలేదు. ఇటు నేను పాత కీబోర్డు మీదే పళ్ళు బిగబట్టి కొట్టేదాన్ని. బావ ‘పోనీ ఆపరేషను సేయించేద్దామేటే’ అన్నప్పుడు నేను ‘కాలేజీల్లో రిపోర్టుల సీజను, ఇది గడవనీ’ అనేదాన్ని. నొప్పి భరించలేక నేను ‘ఇక ఆపరేషనే’ అన్నప్పుడు, బావ ‘ఈ వారంలో వచ్చేత్తాదే, ట్రాకింగులో చెన్నై సూపిత్తన్నాది’ అనేవాడు. అలా నేను లాగితే ఆయన, ఆయన లాగితే నేను. ఇద్దరికీ ఒకేరోజు ఒకే బుద్ధి పుట్టలేదు, అదీ మా ఖర్మ. ఇప్పుడైతే ఫోనుతో మాట్లాడితే తెలుగు దానంతటదే పడిపోతోంది. అది తలుచుకుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు.

దసరా వెళ్ళాక బోర్డు వచ్చింది. బావ అంతా విప్పి, తోమి, మళ్ళీ అతికాడు. ఈసారి పూజ లేదు. అత్త తలుపు అవతల నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూసింది.

మొదట్లో దాని మీద ఒక ఊరి పేరు కొట్టాలన్నా చెమటలు పట్టేవి. కోపమొచ్చి ఒకసారి దాన్ని విసిరెయ్యబోయాను కూడా. పట్టుబట్టి వాడగా వాడగా వేళ్ళకి దారి తెలిసింది. భుజాలు వదులయ్యాయి, చేతులు రెండూ ఎక్కడివక్కడ హాయిగా పడుకునేవి. సెంటరుకొచ్చినవాళ్ళు ‘ఇదేంటమ్మా, విరిగిపోయిందా’ అని అడిగితే, ‘మా ఆయన చేశారు’ అని కాస్త గట్టిగానే చెప్పేదాన్ని.

అన్నిటికన్నా పెద్ద సంగతి, నొప్పి తగ్గడం మొదలెట్టింది. ముందు సలుపు పోయింది. తర్వాత మంట పోయింది. చలికాలం వచ్చేసరికి నిద్రలో మెలకువ రావడం కూడా పోయింది. పొద్దున్న లేచి, రాత్రంతా పడుకున్నానన్న సంగతి గుర్తొచ్చి, పక్క మీదే కూర్చుని ఏడ్చేశాను సంతోషంతో.

బావ రోజూ బస్సు దిగి వస్తూనే అడిగేవాడు. “నొప్పుందేటే?”

“లేదు బావా.”

“అస్సలు లేదేటి?”

“అస్సలు లేదు.”

ఆ మాట కోసమే బతుకుతున్నట్టు ఉండేవాడు. కాలేజీలో లెక్చరర్లకి ఫొటోలు చూపించాడట. బస్సులో పక్కసీటు వాళ్ళకి కూడా చూపించి ఉంటాడు. అత్తకి కూడా ప్రాణం లేచొచ్చింది. “నా కొబ్బరినీళ్ళే పన్జేసినాయి,” అని బజారులో చెప్పుకుందట. చెప్పుకోనీ అని ఊరుకున్నాం.

మీటల్లో రెండిటి మీద చిన్న బుడిపెలుంటాయి, చూడకుండా వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియడానికి. కుడిచేతి బుడిపె నాకు దొరకడం మానేసింది. “అరిగిపోయినట్టుంది బావా,” అంటే జిగురుచుక్క వేసి పెద్దది చేశాడు. అదీ దొరకలేదు. ఇంకా పెద్దది చేశాడు. చివరికి నేను కీబోర్డు వంక చూసి కొట్టడం మొదలెట్టాను. కొత్తది కదా, అలవాటవ్వలేదనుకున్నాను. అరచెయ్యి ఆనుకునే గుంటలో బొటనవేలి కింద సందు పడుతోందంటే, బావ ఫైబర్ ముడుచుకుపోయిందనుకుని పుట్టీ పెట్టి నింపాడు. కొన్నాళ్ళకి మళ్ళీ సందు. మళ్ళీ నింపాడు. “సవక జిగురు అంటగట్టీసినారే మనకి,” అని మాట్లేసేవాళ్ళని తిట్టాడు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం ఆలస్యమయ్యేది. కొత్త హుక్కులు బిగుతనుకున్నాను. ఒక్కోదానికీ ఒక్కో కారణం దొరికేది, ఏం చెయ్యను!

ఒక ఆదివారం అత్త కవళ్ళు పులుసు పెట్టింది. ముళ్ళ చేప. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తింటున్నదే, మాటల్లో పడి తిన్నా వేళ్ళే ముల్లు ఏరేస్తాయి. ఆరోజు రెండో ముద్దకే గొంతులో గుచ్చుకుంది. ఊపిరాడలేదు, కళ్ళమ్మట నీళ్ళు. అత్త ఒట్టి అన్నం ముద్ద మింగించి, వీపు మీద చరిచి, “సేపలోళ్ళింట్లో పుట్టి సేపలోళ్ళింట్లో పడ్డావు, ముల్లు ఏరుకోడం రాదేటే నీకు?” అని కేకలేసింది. పోయింది ముల్లు. మళ్ళీ కంచం ముందు కూర్చున్నాను. ముక్క చిదిపి చూస్తే ముల్లు నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనే ఉంది. కంటికి కనిపిస్తోంది. వేళ్ళకి మాత్రం అక్కడ ఏమీ లేదు.

ఎడమచేత్తో కంచం పక్కకి జరిపేసి, “డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం బావా,” అన్నాను. ఆయన తెల్లబోయాడు. “నొప్పి తగ్గిపోనాది కదే?” అన్నాడు.

వెళ్ళేటప్పుడు బావ కీబోర్డు సంచిలో పెట్టుకుని తెచ్చాడు. డాక్టరమ్మకి చూపించాలని. మా వంతు వచ్చేదాకా సంచి ఒళ్ళోంచి దించలేదు.

“నొప్పి ఎలా ఉందమ్మా?” అందావిడ.

“బాగా తగ్గిపోనాదండీ,” అని నాకన్నా ముందు బావే చెప్పాడు. “కీబోర్డు మార్సినకాణ్ణించి అస్సల్లేదండీ. ఇదిగోండి, నానే సేసినాను.” రెండు ముక్కలూ తీసి ఆవిడ బల్ల మీద పెట్టి, గుంటలూ వాలూ చూపించాడు.

ఆవిడ నిజంగానే శ్రద్ధగా చూసింది. ఒక మీట నొక్కి కూడా చూసింది. తర్వాత నా చెయ్యి తీసుకుని వెలుతురులోకి తిప్పింది. బొటనవేలి కింద ఎత్తుగా ఉండాల్సిన కండ లేదు, పల్లంగా ఉంది. ఆ పల్లాన్నే మేము పుట్టీతో నింపుకుంటూ వచ్చాం. బొటనవేలిని చిటికెనవేలికి ఆనించమంది. ఆనలేదు. లోపలికి తీసుకెళ్ళి చేతికి వైర్లు పెట్టి కరెంటు పరీక్ష చేసింది. నరం మీద కరెంటు పెట్టినప్పుడల్లా తెర మీద గీత లేవాలి. చిటికెనవేలి వైపు లేచింది. బొటనవేలి వైపు కదల్లేదు.

“చాలా బాగా చేశారండీ మీరు,” అంది బావతో, నెమ్మదిగా. “మొదట్లోనే ఇది ఉండి ఉంటే ఎంతో కొంత మేలు చేసేదేమో. కానీ నొప్పి తగ్గింది దీనివల్ల కాదు. నొప్పి తెలియజెప్పే నరమే చచ్చుబడిపోయింది.”

“మరి టైపు సేత్తన్నాది కదండీ,” అన్నాడు బావ.

“చూసి చేస్తోంది. ఆ మూడు వేళ్ళకి స్పర్శ లేదు. ఆపరేషను చేద్దాం, మిగిలింది కాపాడడానికి. పోయింది వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను. వేసవిలోనే వచ్చి ఉండాల్సింది మీరు.”

వేసవంటే కొబ్బరికాయ కొట్టిన రోజులు. బావ నావైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. అత్త దగ్గర ఈ మాట అనకూడదని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. బావ కీబోర్డు ముక్కల్ని బల్ల మీంచి తీసి సంచిలో పెట్టబోతే తీగ చిక్కుపడింది. దాన్ని విడదియ్యలేక అలాగే కుక్కేశాడు.

బయటికొచ్చి ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాం. నాకు కిటికీ పక్క సీటు ఇచ్చి ఆయన ఇవతల కూర్చున్నాడు. బస్సు కదిలింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఒక్కరు తప్పు చేసినవాళ్ళు దొరికితే జుట్టు పట్టుకుని తిట్టి చల్లబడేదాన్ని. అత్తనా? నా కోసం మొక్కుకున్న మనిషి. బావనా? నన్నే తిట్టుకుందామంటే, ఆ గదికి తాళం వేసుకుని నేనేమైపోను? సెంటరు ఎవరికి అప్పజెప్పాలి, రేపు వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలి, ఎడమచేత్తో ఎంతని కొట్టగలను అని లెక్కలేసుకుంటుంటే, రోడ్డు పక్క జీడితోటలు కళ్ళ ముందు వెళ్ళిపోతున్నాయి, ఏవీ కనపడట్లేదు.

నాతవలస దాటి హైవే ఎక్కాం. బావ ఒక్క మాటా మాట్లాడలేదు. నాకింకా ఒళ్ళు మండింది. ఇలాంటప్పుడైనా ఒక మాట అనచ్చు కదా, ఒక చెయ్యి వెయ్యచ్చు కదా! నలుగురిలో భార్య చెయ్యి పట్టుకుంటే నామోషీ అయిపోతుందా ఈయనకి?

“ఏటి బావా, రాయినాగ కూకున్నావు? ఏదోటి మాటాడు!” అన్నాను కిటికీ వైపు చూస్తూనే.

“నీకు నామీద కోపమొచ్చీసినాదనుకున్నానే,” అన్నాడు. “ఎంత నొక్కినా నువ్వు తిరిగి నొక్కలేదు. అలగని లాక్కోనూ లేదు.”

“ఏది?” అని తల తిప్పాను.

సీటు మీద, మా ఇద్దరి మధ్య, నా కుడిచేతి బొటనవేలూ దాని పక్క రెండువేళ్ళూ ఆయన గుప్పిట్లో ఉన్నాయి. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆయన కణుపులు తెల్లబడిపోయాయి.

“ఎప్పుడు పట్టుకున్నావు బావా?”

“విజయనగరంలో బస్సు కదిలినప్పుడే,” అని, నా మొహం చూసి, అప్పుడు ఏడ్చాడు.